కంపెనీ వలలో మొదటి చేప

నేను తెచ్చిన ఎండుచేపల సంచి ఇంకా మా పెరట్లో, బోర్లించిన బకెట్టు కిందే ఉంది. ఇంట్లోకి తేవడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. పారేయడానికి నేను ఒప్పుకోలేదు. అనంతపురంలో చేపల వాసన దాగదు. ఎదురింటాయన ఇప్పటికి రెండుసార్లు వచ్చి, ఎలుకేమన్నా చచ్చిందేమో చూసుకోమని చెప్పి పోయాడు. ఆ సంచి కథ చెప్పడానికే ఇది రాస్తున్నాను. తెనాలి, బాపట్ల, రేపల్లె చూడనివాళ్లు ఇది చదివి, ఆ ఊళ్లు పచ్చగా ఉంటాయనీ, తిండి బాగుంటుందనీ తెలుసుకోవచ్చు. అవి నిజమే. మిగతాది కూడా నిజమే కనక అదీ రాస్తాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆ చేపలు నన్నెందుకు పట్టుకున్నాయో మీకు అర్థం కాదు. వేరే రాష్ట్రంలో, ఒక నది ఒడ్డున ఉన్న కరెంటు ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు పంపుహౌసు ఫోర్‌మన్‌గా పనిచేశాను. ఫ్యాక్టరీలో యంత్రాలు వేడెక్కుతాయి. వాటిని చల్లార్చడానికి రాత్రీ పగలూ నదిలోంచి నీళ్లు తోడుతూనే ఉండాలి. నీళ్లతోపాటు ఆకూ అలమూ లోపలికి పోకుండా పంపుల నోటి ముందు ఇనుప జల్లెడ ఉంటుంది. దాన్ని శుభ్రంగా ఉంచడం నా ఉద్యోగం.

ఆకూ అలమూ అన్నానుగానీ, జల్లెడకి అతుక్కునేవాటిలో సగం చేపలే. పంపు లాగే వడికి పెద్ద చేప ఎదురీది తప్పించుకుంటుంది. పిల్లచేప తప్పించుకోలేదు. జల్లెడకి పక్కవాటుగా అంటుకుని, ఊపిరాడక అక్కడే చస్తుంది. మరీ చిన్నవీ, గుడ్లూ జల్లెడ కన్నాల్లోంచి దూరిపోయి, లోపల గొట్టాల్లో ఉడికిపోతాయి. మా షిఫ్టు పుస్తకంలో చేపలకి గడి లేదు. "చెత్త, రెండు బండ్లు" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. రిటైరైన రోజు కూడా అలాగే రాసి, మెడలో దండ వేయించుకుని ఇంటికొచ్చాను.

తెనాలి: వంకాయ కూర

తెనాలి వెళ్లింది రామ్మోహన్‌ని చూడటానికి. నా కింద పదిహేనేళ్లు పనిచేశాడు. మోకాలి ఆపరేషన్ అయింది, రమ్మని నెలరోజులుగా ఒకటే పోరు.

మా ఊళ్లో నీళ్ల ట్యాంకరు వస్తే వీధంతా బిందెలతో పరుగెత్తుతుంది. తెనాలిలో ఊరి మధ్యలోంచే కాలవలు పోతున్నాయి, వాటివంక చూసేవాడు లేడు. ఒకాయన వంతెన మీద స్కూటరు ఆపి, ఇంట్లోంచి తెచ్చిన పూజ పూలూ, వాటితోపాటు ఒక ప్లాస్టిక్ సంచీ కాలవలోకి విసిరి, చెయ్యి దులుపుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. నది ఒడ్డున ఇరవయ్యారేళ్లు నేను చేసింది మాత్రం ఏమిటని వెంటనే అనిపించి నోరు మూసుకున్నాను.

పొద్దున టిఫిన్‌కి ఇడ్లీ, దాని మీద కారప్పొడి, ఆ పొడి మధ్యలో గుంట చేసి నెయ్యి. ప్లేటు నలభై రూపాయలు. అల్లం పచ్చడి అడగకుండానే వేస్తారు. నేను అలవాటుకొద్దీ "ఏమప్పా, ఇంకొంచెం సాంబారు" అన్నాను. హోటలాయన "ఏ ఊరండి మీది? ఇక్కడ అప్పా లేదండి, బాబాయ్ అనాలి" అని నవ్వుతూ రెండు గరిటెలు ఎక్కువే పోశాడు.

మధ్యాహ్నం రామ్మోహన్ భార్య సుగుణ గారు వంకాయలో ఎండు మెత్తళ్లు వేసి కూర చేశారు. మెత్తళ్లంటే వేలెడంత ఉండే సముద్రపు చేపలు. ఎండబెట్టినవి వంకాయతో కలిస్తే ఆ కూర ఇక వేరే. రెండు ముద్దలు తిన్నాను. మూడో ముద్దలో ఒక చేప చేతికి చదునుగా తగిలింది. కంచం అంచున పెట్టి చూశాను. దాని ఒకవైపు పొలుసుంది. రెండోవైపు లేదు, చర్మం మీద సన్నటి గళ్లు ఉన్నాయి. ఇంకొకటి తీశాను. దానికీ అంతే.

"సుగుణ గారూ, వండనివి ఏమన్నా మిగిలాయా?" అన్నాను.

"ఉన్నాయి అన్నయ్య గారూ, డబ్బాలో. ఏంటి, పురుగేమన్నా వచ్చిందా?" అని ఆవిడ కంగారుగా డబ్బా తెచ్చారు.

కళ్లజోడు పెట్టుకుని పేపరు మీద పోశాను. మెత్తళ్లు పదోవంతు కూడా లేవు. మిగతావన్నీ పిల్లలు. జెల్ల పిల్లలు, కొరమేను పిల్లలు, పండుగప్ప పిల్లలు. పండుగప్ప పెరిగితే ఒక్కొక్కటి నాలుగైదు కిలోలు తూగే చేప. ఇక్కడ అది నా చిటికెన వేలంత ఉంది. వలలో పడ్డ చేపకి మొప్పల దగ్గర దారం గాటు ఉంటుంది. వీటికి గాటు లేదు, పక్కన గళ్లున్నాయి. అవి పంపు జల్లెడ గళ్లు. వాటి కొలత నేను కళ్లు మూసుకుని చెప్పగలను.

రామ్మోహన్ కుర్చీలోంచి వంగి చూశాడు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఏంటండి, కూర బాలేదా?" అని సుగుణ గారు అడిగారు.

"కూర బాగానే ఉందిలే" అన్నాడు వాడు. తరవాత నాకేసి తిరిగి, "రిటైరయ్యాం కదా సార్, వదిలెయ్యండి" అన్నాడు.

నేను వదలలేదు. నాకున్న రోగమే అది. ఉద్యోగంలో ఉన్నంతకాలం నోరు విప్పలేదు కదా, ఇప్పుడు అడిగేవాడు లేడు కనక మహా ధైర్యం వచ్చింది. సుగుణ గారికి చేపలమ్మే ఆవిడని అడిగితే, సరుకు బాపట్ల నుంచి వస్తుందని చెప్పింది.

బాపట్ల: ఇసక లేని సరుకు

బాపట్లలో ఎవరైనా సముద్రం చూడటానికి దిగుతారు. స్టేషన్ బయట ఆటోవాళ్లు ముగ్గురు నన్ను చుట్టుముట్టి బీచికేనా అన్నారు. ఎండుచేపల కొట్టు కావాలంటే ఇద్దరు వెంటనే పోయారు. మూడో అతను ముక్కు నలుపుకుంటూ ఎక్కించుకున్నాడు.

కొట్టు యజమాని పేరు సాంబయ్య. లావుపాటి మనిషి, గల్లా ముందు విసనకర్రతో కూర్చున్నాడు. నేను కొనేవాణ్ణి కానని మొదటి చూపులోనే కనిపెట్టి కూడా, "కూర్చోండి బాబాయ్ గారూ" అని స్టూలు వేశాడు. మా వైపు కొట్టుకి వెళ్లి ఏమీ కొనకుండా నిలబడితే ఎండ ఎక్కువగా ఉందా అని అడుగుతారు. ఇక్కడ మజ్జిగ ఇచ్చారు.

"ఈ చిన్న చేపలు ఎక్కడివండి?" అని సుగుణ గారి డబ్బాలోంచి తెచ్చిన పిడికెడూ చూపించాను.

"ఇదా, కంపెనీ సరుకండి. రేపల్లె వైపు నించి వస్తది. చవక. మెత్తళ్లలో కలిపేస్తాం" అన్నాడు, దాచకుండా. "మంచి సరుకండి బాబాయ్ గారూ. ఒడ్డున ఆరేసినవాటిలో ఇసకుంటది, నోట్లో కరకరలాడతది. ఇవి కంపెనీవాళ్ల సిమెంటు గచ్చు మీద ఆరేస్తారు. ఇసక రవ్వ ఉండదు."

"ఇవి ఏ చేపలో చూశారా?"

"చిన్న చేపలండి."

"పండుగప్ప పిల్లలు."

సాంబయ్య ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. "అవునండోయ్" అన్నాడు. కాసేపు విసనకర్ర ఆడలేదు. "నది పండుగప్ప కొట్లోకి వచ్చి ఎన్నాళ్లయిందో. ఇప్పుడొచ్చేదంతా చెరువులదే. నదిలో లేవంటండి, ఏమయినయ్యో ఎవరికీ తెలీదు" అన్నాడు. ఆ మాట అంటూ చేతిలో ఉన్న పిల్లని మళ్లీ తట్టలోకే వేశాడు.

నాకు నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదు. కిలో కొన్నాను, ఎందుకు కొన్నానో నాకే తెలియదు. సరుకు ఎవరు ఆరేస్తారంటే, నాంచారమ్మ అని పేరు చెప్పి, ఊరికి దారి కూడా చెప్పాడు.

రేపల్లె బస్సులో ఒక ముచ్చట జరిగింది. నా సంచి అడుగు చిరిగి, కిలో చేపలూ బస్సంతా దొర్లాయి. మా అనంతపురం బస్సయితే సంచితో సహా నన్ను దింపేసేవాళ్లు. ఇక్కడ బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ, రిటైరైన టీచరట, మొదట వంగింది. తరవాత అందరూ వంగారు. కండక్టరు టికెట్లు ఆపి సీట్ల కింద ఏరాడు. ఆవిడ తన కూరల సంచి ఖాళీ చేసి నాకిచ్చి, "చింతకాయ వేసి వండండి సార్, బాగుంటయి" అంది. అంత మంచి మనుషులు పిల్లచేపల్ని ఒక్కటి కూడా పోకుండా ఏరి నా చేతిలో పెట్టారు. వాళ్లకి చెప్పాలనిపించింది. చెప్పి ఏం ప్రయోజనమని ఊరుకున్నాను.

రేపల్లె దాటాక

ఆ రాత్రి రేపల్లె లాడ్జిలో పడుకుని, తెల్లవారగానే ఆటోలో బయల్దేరాను. ఊరి పేరు రాయను, ఫ్యాక్టరీ పేరూ రాయను. కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు చీలిన పాయ ఒకటి, దాని ఒడ్డున రేకుల షెడ్లు, ఒక పొగగొట్టం, అంతే అనుకోండి. ఆటో దిగి గట్టు మీద నాలుగడుగులు వేశానో లేదో, బురదలో కాలు మోకాలి దాకా దిగింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. ఒంటి చెప్పుతో నేను ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళితే వాచ్‌మన్ బిచ్చగాడనుకున్నాడు. పాత పంపుహౌసు మనిషినని చెప్పి, నాలుగు యంత్రాల పేర్లు వినిపించాక లోపలికి వదిలాడు.

జల్లెడ దగ్గర నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. చెక్క పారలతో గీకుతున్నారు. అక్కడి పద్ధతి వాళ్లే చెప్పారు. వీళ్లకి జీతం లేదు. రోజూ పొద్దున్నే వచ్చి జల్లెడ శుభ్రం చేస్తారు, దానికి బదులుగా గీకిన చేపలు తీసుకెళతారు. గచ్చు మీద ఆరేసుకోనిస్తారు. ఆ పనికి మా దగ్గర ఆరుగురికి జీతాలిచ్చేవాళ్లం. ఇక్కడ చేపలే జీతం. ఆ జల్లెడకి వాళ్లు పెట్టుకున్న పేరు కంపెనీ వల.

నాంచారమ్మ ఎవరని అడగక్కర్లేకపోయింది. మిగతా ముగ్గురూ గంపల్లోకి ఎత్తుతుంటే, ఒకావిడ మాత్రం కుప్ప ముందు గొంతుక్కూర్చుని చేపల్ని ఒక్కొక్కటే తిరగేస్తోంది. యాభై ఏళ్లుంటాయి. చీర కుచ్చెళ్లు దోపుకుని, మోచేతుల దాకా పొలుసు.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అన్నాను.

"బతికున్నది సార్" అంది తలెత్తకుండా. "మా పద్ధతండి. పొద్దున మొదట పడ్డ చేపని బతికుండంగా గంగమ్మకి వదలాలి. అప్పటిదాకా రెండోది తట్టలో వెయ్యకూడదు. మా అత్తగారి కాడనించీ అంతే. వలయితే ఏంటి, ఇదయితే ఏంటి."

"ఇక్కడ బతికున్నది దొరుకుతుందా?"

"ఒక్కోనాడు దొరుకుద్దండి."

"దొరకనినాడు?"

"మిగతావాళ్లు నా వంతు కూడా ఎత్తుకుపోతారు. నేను ఊరికే పోతాను."

మిగతా ముగ్గురూ ముసిముసిగా నవ్వుకున్నారు. వాళ్లు ఆ పద్ధతి ఎప్పుడో మానేశారు. కాసేపటికి నాంచారమ్మ ఒక చేపని దోసిట్లోకి తీసుకుంది. పండుగప్ప పిల్ల. ఒకవైపు పొలుసంతా పోయింది, నోరు మాత్రం తెరుచుకుని మూసుకుంటోంది. ఆవిడ లేచి గట్టు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లి దాన్ని వదిలి వచ్చింది. మొహం కళకళలాడింది. ఆ చేప గంట కూడా బతకదని నాకు తెలుసు. ఇరవయ్యారేళ్లలో నేను ఒక్కదాన్నయినా అలా నీళ్లలోకి తీసుకెళ్లి వదల్లేదని కూడా తెలుసు.

వీరాస్వామి ఇంట్లో భోజనం

నా ఒంటి చెప్పు చూసి నాంచారమ్మ ఇంటికి రమ్మంది. భర్త వీరాస్వామి పాతజోడు ఇచ్చింది. నా కాలికి రెండు వేళ్లు బయటికొచ్చాయి, అయినా అదే వేసుకుని మా ఊరి దాకా వచ్చాను.

వీరాస్వామి పదిన్నరకి పడవ కట్టేసి వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. చేతిలో వల ఉంది, తట్ట ఖాళీ.

"ఏం పడలేదా?" అంది ఆవిడ.

"ఒకటి పడింది."

"ఏదీ?"

"ఒకటే పడితే అది గంగమ్మదే కదే" అని, వల తీగ మీద ఆరేసి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

నేను నవ్వబోయి ఆగాను. వాళ్లిద్దరిలో ఎవరూ నవ్వలేదు. మా వైపు వాన రాకపోతే దేవుణ్ణి తిట్టే రైతుల్ని చూశాను. ఇలా తెల్లవారుజాము నుంచీ వల విసిరి, పడ్డ ఒక్కదాన్నీ తిరిగిచ్చి, మాటాడకుండా కాళ్లు కడుక్కునే మనిషిని చూడలేదు. వారంలో నాలుగు రోజులు ఇంతేనట. ఇల్లు ఆవిడ ఆరేసిన చేపల మీదే నడుస్తోంది. తన వలలో పడనివి కనక ఆయన మాత్రం వాటిని ముట్టుకోడు. అందుకని మాకు గోంగూర పచ్చడి, ఉల్లిపాయ, దోసకాయ పప్పు, మజ్జిగ. నది ఒడ్డున, చేపలు పట్టేవాళ్లింట్లో, అతిథికి చేప ముక్క పెట్టలేకపోయినందుకు నాంచారమ్మ సిగ్గుపడుతూనే ఉంది. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

"నదిలో చేపలెందుకు తగ్గాయంటారు?" అని వీరాస్వామిని అడిగాను.

"పైనించి నీళ్లు రావట్లేదండి. సముద్రంలో కలిసేకాడ మొగ పూడిపోయింది. సముద్రంలోంచి పైకి ఎక్కే దారి లేదు" అన్నాడు. అవీ నిజాలే. కానీ ఎక్కిన కాసిని పిల్లలూ పెళ్లాం గచ్చు మీద ఎండుతున్నాయని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

ఆయన పడుకున్నాక నాంచారమ్మ వసారాలోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది.

"సార్, మీరు ఈ పనిలో ఉన్నోరు కదా. ఉన్నమాట చెప్పండి. కంపెనీ వల్లో పడేవి పడకుండా ఉంటే, ఎదిగి మా ఆయన వల్లో పడేయ్యా?"

అబద్ధం చెప్పొచ్చు. చెబితే ఎవరికీ నష్టం లేదని కూడా అనిపించింది. కానీ ఆవిడ కుప్ప ముందు కూర్చుని తిరగేసిన చేపలు కళ్లముందున్నాయి.

"అన్నీ కాదమ్మా. కొన్ని పడేవి" అన్నాను.

ఆవిడ చేతికంటిన పొలుసు గోటితో గీక్కుంటూ కూర్చుంది. చివరికి, "నాకూ అనిపించిందండి. పైకి అంటే అన్నం పోద్దని అనలేదు" అంది. "మీరు కంపెనీలో పెద్దోళ్లతో మాటాడండి సార్. మీ మాటంటే ఇంటారు. నా చేపలు పోతే పోనీండి, నేను నాట్లకి పోతాను. ఆయన పొద్దుగూకులూ ఖాళీ తట్టతో వస్తంటే నేను చూడలేకపోతన్నాను. రోజుకి రెండు చేపలు పడితే చాలు. ఒకటి గంగమ్మకి, ఒకటి ఆయనకి."

చల్లటి గది

మర్నాడు ఇంజనీరుని కలిశాను. ముప్పై ఏళ్ల కుర్రవాడు, మర్యాదస్తుడు. కొలువులో ఉండగా నాకెవరూ ఎదురొచ్చి కుర్చీ వెయ్యలేదు. ఇతను లేచి నిలబడి, "రండి సార్, మీ అనుభవం మాకు కావాలి" అన్నాడు. ఏసీ గది. టీ, దానితో జీడిపప్పు బిస్కెట్లు. యంత్రాలు చల్లబడటానికి నది ఉంది, మనుషులు చల్లబడటానికి ఏసీ ఉంది. నేను చల్లబడిపోయాను, ఒప్పుకుంటున్నాను.

చేపల సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "పరిష్కారాలు కాగితం మీద రాసివ్వండి సార్, మా పైవాళ్లకి పంపుతాను" అని తెల్ల కాగితాలూ మంచి పెన్నూ ఇచ్చాడు.

రాశాను. ఒకటి, పంపుల నోరు వెడల్పు చేసి నీళ్లు లాగే వడి తగ్గించాలి. రెండు, పిల్లచేపలు పాయలోకి ఎక్కే నెలల్లో రెండు పంపులు ఆపాలి. ఈ రెండే అసలు మందు. రెండూ ఖర్చుతో కూడినవి. రాసి చూస్తే కాగితం సగమే నిండింది. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, రెండే రాస్తే ఏం బాగుంటుందనిపించింది. అందుకని మూడోది చేర్చాను. జల్లెడ మీది చేపల్ని నీళ్లతో కడిగి, ఒక పైపు ద్వారా తిరిగి నదిలోకి పంపాలి.

అలాంటి పైపు మా ఫ్యాక్టరీలోనూ కొన్నాళ్లు ఉండేది. నా చేతుల మీదే వేశారు. చేపలు బతకాలంటే జల్లెడ ఆగకుండా తిరుగుతుండాలి, నీళ్లు మెల్లగా పొయ్యాలి, చేప నీళ్లలోంచి బయటికి రాకూడదు. అవేవీ చెయ్యకుండా గట్టి వడితో నీళ్లు కొడితే, చచ్చిన చేపలు ఎవరి కంటా పడకుండా నది అడుగుకి పోతాయి. మా దగ్గర జరిగింది అదే. ఇవన్నీ తెలిసి కూడా మూడో మాట ఒక్క వాక్యంలో రాసి, కింద సంతకం పెట్టాను. ఈసారి చెత్త అని రాయలేదు కదా అని కాస్త గర్వంగా కూడా ఉంది.

వెళ్లొస్తానని చెబితే నాంచారమ్మ ఆటో దాకా వచ్చింది. వద్దంటున్నా రెండు దోసకాయలు సంచిలో పడేసింది. "మీరొచ్చింది మా మంచికే సార్" అంది.

ఇంటికొచ్చాక

నెలన్నర తరవాత ఇంజనీరు ఫోన్‌లో ఫోటో పంపాడు. కొత్త పైపు, నీలం రంగు, దానికి పసుపు, బొట్టు. "సార్, మీ మూడో పాయింటు అమలు చేశాం. పంపుహౌసు దగ్గర ఇప్పుడు వాసన కూడా లేదు. థాంక్స్" అని కింద రాశాడు. మొదటి రెండూ ఏమయ్యాయని నేను అడగలేదు. ఫోటో మా ఆవిడకి చూపించాను. "ఇన్నాళ్లకి మంచి పని చేశారు" అంది. ఆ పూట నాకు బాగానే నిద్రపట్టింది.

మరో పది రోజులకి నాంచారమ్మ ఫోన్ చేసింది.

"సార్, బాగున్నారా? పైపు ఏశారండి" అంది. "గేటు కాడే మమ్మల్ని ఆపేశారు. ఇంక మీరు అక్కర్లేదన్నారు. పోన్లెండి, నేను అనుకున్నదే కదా. నాట్లకి పోతున్నాను."

"వీరాస్వామి ఎలా ఉన్నాడమ్మా?"

ఫోన్‌లో వెనకాల బస్సు హారన్ వినబడింది.

"వల నిండా పడతన్నాయండి" అంది. "ఎత్తలేనన్ని పడతన్నాయి. అన్నీ పిల్లలే, అన్నీ చచ్చినవే. ఆయన తట్టలో ఒక్కటీ వెయ్యట్లేదండి. మొదటిది బతికున్నది వదలాలి కదా. పొద్దున్నించీ పడవలో కూర్చుని ఒక్కొక్కటే తిరగేస్తన్నాడు, ఏదన్నా కదులుద్దేమోనని. మద్దేనానికి అన్నీ నీళ్లలోకి ఒంపేసి వస్తన్నాడు. ఇన్నాళ్లూ వారంలో రెండు మూడు రోజులన్నా కూరకి తెచ్చేవాడండి. ఇప్పుడు అదీ లేదు."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"సార్, ఆ పైపు ఎయ్యమని మీరే రాశారని వాచ్‌మన్ అంటన్నాడు. నిజమేనాండి?"

"నిజమేనమ్మా. నేనే రాశాను."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను.

"మంచికే రాసుంటార్లెండి" అంది నాంచారమ్మ. "ఎండలు ఎక్కువగా ఉన్నాయంట మీ వైపు, జాగర్తండి" అని ఫోన్ పెట్టేసింది.